నెస్తా పేరు మీద కప్పు

"చచ్చిపోయిన మనిషి పేరు మీద కప్పు రాయిస్తావా? నీకు బుద్ధుందా, ఐర్లిస్?"

"బుద్ధి గురించి నువ్వు చెప్పకు. నీ పేరు మీద రాయిస్తే గొడవకొస్తావని అక్క పేరు చెప్పాను."

"అక్క పేరు చెప్పావు కాబట్టే గొడవకొచ్చాను."

"వచ్చావుగా. తీసుకుపో మరి."

ఇదంతా మా పిన్ని మెన్నా దుకాణంలో, రంగు డబ్బాలకీ మేకుల అరలకీ మధ్య జరుగుతోంది. నేను గల్లాపెట్టె వెనక కూర్చుని, ఏమీ విననట్టు విత్తనాల పొట్లాలు సర్దుతున్నాను. బల్ల మీద చిన్న అట్టపెట్టె. దానికి అంటించిన కాగితం ముక్క మీద 'నెస్తా ప్రాసర్' అని రాసి ఉంది. లోపల కొత్త రాజుగారి పట్టాభిషేకం గుర్తుగా అమ్మే టీ కప్పు, ముందే పేరు రాయించి ఉంచుకున్నది. నెస్తా పోయిన నవంబరులో చనిపోయింది. అరుస్తున్నాయన ఆమె భర్త ఇద్వల్. అరవకుండానే గెలుస్తున్నది ఆమె చెల్లెలు ఐర్లిస్.

"శనివారం దాకా ఉంచరా గెథిన్," అంది ఐర్లిస్ నాతో, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "అప్పటికీ ఈ మహానుభావుడు తీసుకోకపోతే ఎవరికైనా అమ్ముకోండి. అక్క కప్పుల బీరువాలో ఆఖరి చోటు ఖాళీగా ఉంటే చూసుకుని మురిసిపోతాడు."

ఆమె వెళ్ళిపోయింది. ఇద్వల్ కాసేపు ఆ పెట్టె వైపు చూసి, ఏం కొనాలో తోచక ఒక ఎలుకల బోను కొనుక్కుని వెళ్ళాడు.

వేల్స్‌లో మా బొగ్గుగనుల లోయలో సగం మందికి ఒకే ఇంటిపేరు. అందుకని ఎవరికి వాళ్ళకి ఒక తగిలింపు పేరుంటుంది. పాలు పోసేవాడు పాల డై, గంట కొట్టేవాడు గంట ఇవాన్. ఈయన్ని మాత్రం లేవని ఇద్వల్ అంటారు. క్లబ్బులో శనివారం ఆట పాటా అయ్యాక మొదట మా వేల్స్ గీతం వాయించేవారు. దానికి అందరికన్నా ముందు లేచేది ఈయనే. రెండోది రాణిగారి గీతం. అది మొదలవగానే కూర్చుని, బీరు గ్లాసులోకి చూస్తూ ఉండేవాడు. పక్కనే నెస్తా చేతిసంచి పట్టుకుని నిటారుగా నిలబడేది. ఒకే బల్ల దగ్గర ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి. మా ఊళ్ళో పెళ్ళయిన వాళ్ళందరికీ వాళ్ళని చూపించి నవ్వుకోవడం అలవాటు. నేను పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు అది.

ఆయన గనిలో పనిచేశాడు, వాళ్ళ నాన్న గనిలో పనిచేశాడు. గని మూసేసి ముప్పై ఏళ్ళు దాటినా పాతవాళ్ళ కమిటీ మాత్రం మూతపడలేదు. చనిపోయిన గని కార్మికుల స్మారక రాయికి పూలు పెట్టడం, చర్చి వెనక గదిలో లేనివాళ్ళకి తిండి సామాను పంచడం వాళ్ళ పని. రాజు, రాణి, కోట, గుర్రపుబండి అనే మాటలు వినబడితే ఇద్వల్ మొహం పుల్లటిది తిన్నట్టు అయిపోతుంది. అందులో నాకూ ఏ అభ్యంతరం లేదు. ఒకాయన తలమీద బంగారం పెట్టడానికి ఊరంతా రంగు కాగితాలు కట్టుకోవడం నాకూ నచ్చదు. మా పిన్ని కట్టమంటే ఆ కాగితాలన్నీ కట్టింది నేనే, అది వేరే సంగతి. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చినవాడికి నిచ్చెన ఎక్కనని చెప్పే హక్కు ఉండదు.

ఆ వారమంతా ఇద్వల్ రోజూ వచ్చాడు. ఒకరోజు మరలు. ఒకరోజు తాడు. ఇంకోరోజు ఇంకో ఎలుకల బోను. ప్రతిసారీ చూపు వెనక అరలో ఉన్న అట్టపెట్టె మీదే.

"మీ ఇంట్లో ఎన్ని ఎలుకలున్నాయి అంకుల్?" అని అడిగాను.

"నోరు మూసుకుని చిల్లర ఇవ్వు."

"కప్పు చూస్తారా?"

చూడనని అనలేదు. నేను పెట్టె తెరిచి చేతికిచ్చాను. బొగ్గు మచ్చలు చర్మంలోకి దిగిపోయిన వేళ్ళతో దాన్ని నెమ్మదిగా తిప్పి చూశాడు. అంచు బంగారు గీత మీద బొటనవేలు పెట్టి తీసేశాడు, వేడిగా ఉన్నట్టు.

"బాగానే చేశారు," అన్నాడు. "అదే బాధ."

మర్నాడు తెల్లరంగు డబ్బా ఒకటి కొన్నాడు. నడుము పట్టేసిందని నన్ను మోసుకు రమ్మన్నాడు. రంగు వేయడానికి ఆ ఇంట్లో ఏమీ లేదు. అన్నీ వేసే ఉన్నాయి. నాకు చూపించాలనే పిలిచాడని నడవాలో అడుగు పెట్టగానే అర్థమైంది.

మెట్ల పక్కన ఇరుకులో, కోట్లు తగిలించే కొక్కేల కింద అద్దాల బీరువా. ముందు గదిలో పెట్టనివ్వలేదట ఆయన. అందులో వరసగా కప్పులు, ఏమేమిటో ఆయనే చెప్పాడు. పాత రాణిగారి పట్టాభిషేకం, ఆవిడ ఏలుబడికి పాతికేళ్ళు, యాభై, అరవై, మధ్యలో పెళ్ళిళ్ళు, ఆ పెళ్ళిళ్ళలో కొన్ని తర్వాత ఏమయ్యాయో అందరికీ తెలుసు. ఏ కప్పు దేనిదో మాత్రం నాకు కనబడలేదు. అన్నీ బొమ్మ ఉన్న వైపు గోడకి తిప్పి ఉన్నాయి.

"గురువారం గురువారం కమిటీ మా ఇంట్లో కూర్చునేది," అన్నాడు. "వాళ్ళు వచ్చి కోట్లు ఇక్కడే తగిలిస్తారు కదా. నాకు సిగ్గుగా ఉందని ఒకసారి అన్నాను. పెళ్ళయిన కొత్తలో. ఒక్కసారే అన్నాను. అప్పట్నుంచీ ప్రతి గురువారం మధ్యాహ్నం ఒక్కొక్కటీ గోడకి తిప్పేది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఇటు తిప్పేది. ఇక చాలు, వదిలెయ్ అని నేను ఎప్పుడూ అనలేదు."

"ఇప్పుడెందుకు ఇలా ఉన్నాయి?"

"గురువారమే పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తిరిగి రాలేదు."

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆయన అవి ముట్టుకోలేదు. దుమ్ము కూడా తుడవలేదు. రోజూ కోటు తీసుకునేటప్పుడల్లా ఆ కప్పుల వీపులు చూస్తున్నాడు.

నాకు ఓదార్చడం రాదు. "కొనెయ్యండి అంకుల్," అన్నాను. "కాగితం మీద ఆవిడ పేరే ఉంది. పెట్టె తెచ్చి ఇందులో పెట్టెయ్యండి. ఎవరైనా అడిగితే ఆవిడ ముందే చెప్పి పెట్టింది అనండి. ఎవరూ ఏమీ అనరు."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "ఇంతకాలం నేను చేసింది అదేరా. ఎవడైనా బీరువా చూసి నవ్వితే, 'నావి కాదు, అవన్నీ మా ఆవిడవి' అనేవాణ్ణి. ఆవిడ వంటగదిలోంచి వింటూనే ఉండేది. రొట్టెలు వేస్తూ ఉండేది, ఆ నవ్విన వెధవలకే. బతికున్నప్పుడు నా సిగ్గంతా ఆవిడ నెత్తిన పెట్టాను. పోయాక కూడా పెట్టమంటావా?"

"అయితే మానెయ్యండి."

"మానెయ్యలేను."

"ఆవిడ కోసమా?"

వంటగదిలో కెటిల్ మరిగి దానంతటదే ఆగిపోయింది.

"పాత రాణికి కిరీటం పెట్టినప్పుడు బళ్ళో పిల్లలందరికీ తలో కప్పు ఇచ్చారు," అన్నాడు చివరికి. "ఆ బీరువాలో మొదటిది నెస్తాకి అలా వచ్చిందే. నాకూ ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూపించాను. మా నాన్న దగ్గుతూ మంచం మీద ఉన్నాడు, గని దుమ్ము ఊపిరితిత్తుల నిండా. దాన్ని చూసి, వెనక్కి ఇచ్చేసి రా అన్నాడు. తిట్టలేదు. కొట్టలేదు. ఇచ్చేసి రా, అంతే. మర్నాడు అందరి ముందూ హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాను. మా నాన్న గర్వపడ్డాడు. యూనియన్ వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. దారంతా ఏడ్చానని ఆయనకి తెలీదు."

"ఏమిటి, ఆ కప్పు కోసం మీరు..."

"సింహం బొమ్మ ఉండేది దాని మీద. ఎర్ర నాలుక." ఆయన నా వైపు చూడలేదు. "అంతా నెస్తా కోసమే అని ఐర్లిస్ అనుకుంటోంది. నువ్వూ అలాగే అనుకుంటున్నావు. నాకు కావాలిరా అది. డెబ్బై ఆరేళ్ళొచ్చాక, ఆ రాజంటే ఏమాత్రం గిట్టకుండానే, ఆ కప్పు కావాలి. మంగళవారం చర్చి గదిలో పప్పు డబ్బాలు పంచుతూ ఒక తల్లి మొహం చూడలేకపోయాను. ఇక్కడ నిలబడితే నెస్తాకి మొహం చూపించలేను. మా నాన్న సంగతి సరేసరి."

పెద్దవాళ్ళు ఇలాంటివి చెబుతుంటే నేను మాట మార్చి పారిపోతాను. ఆ రోజు పారిపోలేదు, కానీ పనికొచ్చే మాట ఒక్కటీ అనలేదు. రంగు డబ్బా ఎక్కడ పెట్టమంటారని అడిగాను. వెనక్కి తీసుకుపొమ్మన్నాడు.

శనివారం దుకాణం నిండా జనం. జెండాలు, కాగితం టోపీలు, వీధి విందుకి పళ్ళేలు. ఇద్వల్ ఎవరూ లేని వేళ చూసుకుని వస్తాడనుకున్నాను. సరిగ్గా పన్నెండింటికి, ఊరంతా వరసలో ఉన్నప్పుడు వచ్చాడు. కావాలనే వచ్చాడు. చర్చికి వచ్చినట్టు షేవింగ్ చేసుకుని, టై కట్టుకుని ఉన్నాడు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు.

"ఆ పెట్టె ఇలా ఇవ్వు."

ఇచ్చాను. దాని మీద కాగితాన్ని గోటితో మెల్లిగా లాగేశాడు. సగం వచ్చి సగం చిరిగింది. ఆ సగాన్నీ గీకాడు. వెనక జనం ఎదురుచూస్తున్నా తొందరపడలేదు. పూర్తిగా ఊడాక నలిపి కోటు జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు రాయి బిల్లు. ఇద్వల్ ప్రాసర్ పేరు మీద."

వరసలో రెండో మనిషి మోస్టిన్. ఆయనతోపాటు గనిలోకి దిగినవాడు, కమిటీలో ఉన్నవాడు, మనవరాలికి బుడగలు కొనడానికి వచ్చాడు.

"ఏంట్రా ఇద్వల్, రాజుగారి మొహం ఇంటికి తీసుకెళ్తున్నావా?" అన్నాడు మోస్టిన్. గొంతులో కోపం లేదు, ఎప్పటి వెటకారమే. "ఇంక రేపట్నుంచి క్లబ్బులో లేచి నిలబడతావు కాబోలు."

వరసలో వాళ్ళు నవ్వారు. ఇద్వల్ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చేది ఆయనకన్నా ముందే నాకు తెలిసిపోయింది.

"నాది కాదు," అన్నాడు. "మా ఆవిడది."

మోస్టిన్ వెంటనే టోపీ తీశాడు. "క్షమించరా. నెస్తా సంగతి మర్చిపోయాను. మంచి పని చేస్తున్నావు." ఆయన భుజం తట్టాడు కూడా. వెనకున్న ఇద్దరు ఆడవాళ్ళు జాలిగా చూశారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

ఇద్వల్ నావైపు చూశాడు. ఒక మనిషి మొహం అలా తెల్లబోవడం నేను చూడలేదు. ఏదో ఒకటి అందామనుకున్నాను. 'అంకుల్ పేరు మీదే బిల్లు రాశాను మోస్టిన్' అని ఉంటే సరిపోయేది. తర్వాతివాడు జెండా ధర అడిగాడు, చెప్పాను. ఇద్వల్ కప్పు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పట్టాభిషేకం రోజు వీధి విందుకి ఆయన రాలేదు. వాన పడింది, రంగు కాగితాల రంగు కారి తెల్ల పళ్ళేల మీద నీలం మరకలు పడ్డాయి. ఆయన ఇంటి తెరలు వేసి ఉన్నాయి. ఐర్లిస్ కేకు ముక్క పట్టుకెళ్ళి తలుపు కొట్టి, తియ్యకపోతే గుమ్మంలో పెట్టి వచ్చింది.

"కొన్నాడుగా," అంది నాతో. "ఇంకా ఏంటి బాధ? అక్క ఎంత సంతోషించేది."

నేను నిజం చెప్పలేదు. అది నేను చెప్పవలసింది కాదనుకున్నాను.

సోమవారం దుకాణం తాళం తీస్తుంటే ఆయన మెట్టు మీద నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఏమీ కొనడానికి రాలేదని చెప్పాడు, ముందే.

"గురువారం సాయంత్రం ఖాళీయేనా?"

"ఖాళీయే. ఏం?"

"కమిటీని మళ్ళీ మా ఇంటికి పిలిచాను. ఆవిడ పోయాక ఇదే మొదటిసారి. వాళ్ళు కోట్లు తగిలిస్తారు, బీరువా చూస్తారు, మోస్టిన్ టోపీ తీస్తాడు. ఆవిడ గురించి మంచి మాటలు చెబుతారు. నేను నిజం చెప్పాలని నిన్నంతా అద్దం ముందు అనుకుంటూనే ఉన్నాను. కానీ నా నోటిని నేను నమ్మను. దానికి యాభై ఏళ్ళుగా ఒక్కటే మాట వచ్చు."

"నన్నేం చెయ్యమంటారు?"

"వచ్చి నా పక్కన కూర్చో. టీ తాగు. నేను గనక 'మా ఆవిడది' అంటే, మర్యాదా గిర్యాదా చూడకు. అందరి ముందూ నా మాట ఆపేసి, అది ఇద్వల్‌ది, ఇద్వలే కావాలని కొనుక్కున్నాడు అని చెప్పు."