బిగబట్టిన ఊపిరి

డెబ్బైల చివర్లో, నైరుతి గాలి తగ్గి సముద్రం నెమ్మదించిన రోజుల్లో, నన్ను విశాఖపట్నం ఔటర్ హార్బర్ దగ్గర డైవింగ్ సూపర్వైజరుగా వేశారు. నీటి అడుగున చేసే పనులు కాంట్రాక్టుకు తీసుకునే ఒక చిన్న ప్రైవేటు సంస్థ మాది. జెట్టీ స్తంభాలు పగిలాయేమో చూడటం, ఓడల అడుగున పట్టిన గుల్ల గీకడం, తెగిపోయిన లంగరు గొలుసులు వెతికి బిగించడం మా పనులు. నా కింద నలుగురు డైవర్లు, కిందికి గాలి పంపే కంప్రెసర్ నడిపే ఒక ఆపరేటరు, ఇద్దరు తాడు మనుషులు ఉండేవారు. డైవరు నీళ్లలో ఉన్నంతసేపూ అతని నడుముకు కట్టిన తాడు చేతిలో పెట్టుకుని బార్జి మీద కూర్చునేవాడే తాడు మనిషి. కిందికీ పైకీ మాటలుండవు. ఒకసారి లాగితే బాగున్నానని, నాలుగుసార్లు లాగితే పైకి వస్తున్నానని అర్థం.

నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ని కాను. నాన్న రైల్వేలో గుమాస్తా. ఆఫీసుకూ, ఆదివారం చర్చికీ తప్ప గడప దాటని మనిషి. ఇరవై మూడేళ్లు వచ్చేదాకా నేను మెడలోతు నీళ్లలో నిలబడలేదు. శిక్షణలో మొదటి వారమంతా ట్యాంకు నిచ్చెన వదల్లేక నలుగురిలో నవ్వులపాలయ్యాను. అందుకే ఈత పుట్టుకతో వచ్చినట్టు కనిపించే మనుషులంటే నాకు గౌరవంతో పాటు కొంచెం అసూయ కూడా ఉండేది.

ఎల్లాజీని మా దగ్గరికి తెచ్చింది అప్పలస్వామి. తాడు మనుషుల్లో పెద్దవాడు. ఎల్లాజీ అతనికి దూరపు మేనల్లుడు, జాలారిపేట మనిషి, ఇరవై ఆరేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. చేపల వేటలో వల రాళ్లకు చిక్కుకుంటే మునిగి విడిపించడంలో పేటలో అతని తర్వాతే ఎవరైనా అని అప్పలస్వామి చెప్పాడు. ఎంత లోతు దిగగలవని అడిగాను.

"కొల్సలేదు బాబూ. వల ఎక్కడ సిక్కితే అక్కడిదాకా ఎలతాను" అన్నాడు.

జెట్టీ మీద నుంచి ఒక ఇనుప కొక్కెం నీళ్లలోకి విసిరాను. అక్కడ లోతు ముప్పై అడుగులు. ముఖానికి అద్దమైనా లేకుండా దూకి, మేము కంగారుపడేంతసేపు లోపలే ఉండి, కొక్కెం చేత్తో పట్టుకుని వచ్చాడు. రొప్పు కూడా లేదు.

కొత్త డైవరుకు మా దగ్గర ఆరు వారాల శిక్షణ ఉండేది. ఇతనికి మూడు వారాలు చాలని నేనే మేనేజరుకు రాసిచ్చాను. పని ఒత్తిడి మీద ఉన్నారేమో, ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

ఆ మూడు వారాల్లో ఒక నియమం మాత్రం రోజూ చెప్పేవాణ్ని. మా డైవరు ముఖమంతా కప్పే మాస్కులోకి గొట్టం ద్వారా పైనుంచి వచ్చే గాలి పీలుస్తాడు. ముప్పై అడుగుల లోతులో పీల్చిన గాలి నీటి బరువుకు దాదాపు సగానికి నొక్కుకుని ఉంటుంది. పైకి వస్తున్నకొద్దీ ఊపిరితిత్తుల్లోనే అది రెట్టింపుకు ఉబ్బుతుంది. నోరు తెరిచి వదులుతూ రావాలి. బిగబడితే ఊపిరితిత్తి చిరుగుతుంది. ఒడ్డున గాలి పీల్చుకుని మునిగేవాడికి ఈ ప్రమాదం లేదు. అతను తీసుకెళ్లిన గాలి లోపల నొక్కుకుని, పైకి వచ్చేసరికి మళ్లీ మామూలవుతుంది. అతను బిగబట్టకపోతేనే చిక్కు. ఒకే సముద్రంలో, ఒకే లోతులో, ఒకరిని బతికించేది మరొకరిని చంపుతుంది.

ఎల్లాజీ ఇదంతా శ్రద్ధగా విన్నాడు. ఎప్పుడు అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. "ఊపిరి బిగబట్టకూడదు సార్. ఊదుకుంటా రావాల. మన బుడగ కన్నా మనం ముందు రాకూడదు." పదడుగుల నీళ్లలో చేయించాను. సరిగ్గానే చేశాడు.

ఒకరోజు అప్పలస్వామి తాడు పట్టుకునే నన్ను పిలిచి నీళ్లు చూపించాడు. "సార్, మావోడి బుడగలు మజ్జిమజ్జిలో ఆగిపోతన్నాయి."

నిజమే. కింద ఏదైనా గట్టి బోల్టు తిప్పాల్సి వచ్చినప్పుడు అర నిమిషం దాకా బుడగలు రావడం లేదు. పైకి వచ్చాక అడిగితే ఎల్లాజీ నవ్వాడు. బలం పెట్టేటప్పుడు అలవాటు అన్నాడు. గాలి ఇంత పొదుపుగా వాడేవాణ్ని నేనింతవరకు చూడలేదని మిగతా డైవర్ల ముందు మెచ్చుకున్నాను. మూడో వారం చివర, నీళ్లలో పనికి అర్హుడని సంతకం పెట్టాను.

ప్రమాదం జరిగింది అతను పనిలో చేరిన నెలలోపే. ఉదయం తొమ్మిదిన్నర. ఎల్లాజీ జెట్టీ స్తంభం అడుగున ముప్పై అడుగుల లోతులో ఉన్నాడు. ఓడలను లాగే టగ్గు ఒకటి దగ్గరగా వెళ్లడంతో అలకు మా బార్జి కదిలి, గాలి గొట్టం బార్జికీ స్తంభానికీ మధ్య నొక్కుకుపోయింది. కింద గాలి ఆగింది. అలాంటప్పుడు చేయవలసింది మేము రాసిపెట్టుకున్నాం. నడుముకున్న చిన్న సిలిండరు మర తిప్పాలి, తాడు నాలుగుసార్లు లాగాలి, బార్జి నుంచి అడుగుదాకా బరువు కట్టి వేలాడదీసిన దిగుడు తాడు పట్టుకుని ఊపిరి వదులుతూ నెమ్మదిగా పైకి రావాలి.

అప్పలస్వామి చేతిలో తాడు ఒక్కసారిగా వదులైంది. మరుక్షణమే ఎల్లాజీ తల నీళ్ల మీదికి వచ్చింది. సీసపు బరువుల బెల్టు కింద వదిలేసి, నోరు బిగించి, బాణంలా పైకి వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక్క బుడగ కూడా రాలేదు. నిచ్చెన తానే ఎక్కాడు. మాస్కు తీసి, "ఏటీ నేదు సార్, బానే ఉన్నాను" అన్నాడు. మేము గొట్టం విడిపించే పనిలో పడ్డాం. కాసేపటికి దగ్గు వినిపించింది. తిరిగి చూస్తే పెదాల మీద ఎర్రని నురగ. ఎడమ చెయ్యి ఎత్తమంటే అది లేవలేదు.

చిరిగిన ఊపిరితిత్తి నుంచి గాలి నెత్తుట్లో కలిసి మెదడుకు చేరితే అలా జరుగుతుంది. దానికి మందు ఒక్కటే. మనిషిని ఇనుప గదిలో పెట్టి, మళ్లీ సముద్రం అడుగున ఉన్నంత ఒత్తిడి కలిగించి, గంటల తరబడి మెల్లగా తగ్గిస్తూ రావాలి. ఆ గది నౌకాదళం వారి దగ్గర ఉండేది. అడిగిన వెంటనే తీసుకున్నారు. ప్రాణం దక్కింది. ఎడమ చేతికి పట్టు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

నాలుగో రోజు ఆసుపత్రిలో అతన్ని మాట్లాడనిచ్చారు. ఇన్నిసార్లు చెప్పాను కదా, ఎందుకు మరిచిపోయావని అడిగాను. కోపంగా అడగలేదు గానీ, తప్పు అతనిదే కావాలని లోపల ఎక్కడో ఉండి ఉంటుంది.

"మర్సిపోనేదు సార్" అన్నాడు. "ఇప్పుడడిగినా సెప్తాను. గాలి ఆగ్గానే నోరు దానంతటది మూసుకుపోయింది. సిన్నప్పుడు మా అయ్య కూడా దిగీవోడు. నా నోట్లోంచి బుడగ వత్తే ఈపు మీద ఒకటి సరిసీవోడు. ఆరేళ్లప్పట్నించీ అదే సార్."

అతని భార్య లచ్చమ్మ మంచం అవతలి పక్క నిలబడి ఉంది. "ఈ మనిసి పుట్టిన కాణ్నుంచి సముద్రంలోనే ఉన్నాడు బాబూ. సముద్రం ఏటీ సెయ్యనేదు. మీ గాలే సేసింది" అంది.

ప్రమాద నివేదిక రాయవలసింది నేను. కారణం అన్న చోట, శిక్షణలో చెప్పిన నియమం పాటించలేదని రాస్తే చాలన్నారు మేనేజరు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ వాక్యం పడితే ఎల్లాజీకి మా సంస్థలో మరే పనీ దొరకదు, ఒక చేత్తో మళ్లీ వేటకూ పోలేడు. రెండు రోజులు ఆ కాగితం సంచిలో పెట్టుకు తిరిగాను. చివరికి ఇలా రాశాను: డైవరుకు నియమం తెలుసు, దాన్ని పాటించేలా అతన్ని తయారు చేయలేదు. శిక్షణ సగానికి తగ్గించమని సిఫారసు చేసింది నేను. బుడగలు ఆగిపోవడం ముందే చూసి, హెచ్చరికగా తీసుకోనిదీ నేనే.

నన్ను ఏడాదిపాటు సూపర్వైజరు పని నుంచి తప్పించారు. నాకన్నా చిన్నవాడి కింద మామూలు డైవరుగా దిగాను. ఎల్లాజీని తాడు మనిషిగా ఉంచారు.

మళ్లీ బాధ్యత ఇచ్చినప్పుడు అదే తీరం నుంచి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఇద్దరూ వేటగాళ్లే. ఈసారి నోటితో అడగలేదు. ఛాతీలోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చెప్పకుండా గాలి కట్టేశాను. ఇద్దరూ నోరు బిగించి లేచారు. మళ్లీ చెప్పి, మళ్లీ కట్టాను. మళ్లీ అంతే. బొమ్మ గీసి చూపించాను. ఫలితం మారలేదు.

బార్జి అంచున కూర్చుని ఇదంతా చూస్తున్న ఎల్లాజీ అన్నాడు: "నోరు తెరమంటే తెరవరు సార్. అరమనండి. పెద్దవల లాగినప్పుడు అరుత్తాం గదా."

నాకు వెంటనే బోధపడలేదు. ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు ఇరవై ముప్పై మంది తాడు పట్టుకుని, ఒక్కో లాగుకూ గొంతెత్తి అరుస్తారు. చేతులు తాడు మీద పడితే నోరు తెరుచుకోవడం వాళ్లకు చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉన్నదే. మునిగితే నోరు మూయడమూ ఒంట్లో ఉన్నదే. ఒకదాన్ని మాటలతో తీసేయలేకపోయాం. రెండోదాన్ని వాడుకోవచ్చు.

ఆ రోజు నుంచి గాలి ఆగితే మొదట దిగుడు తాడు పట్టుకోవాలన్నాం. చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ, వల లాగినట్టే లాగుతూ, లాగు లాగుకూ మాస్కులోనే అరుస్తూ రావాలి. అరిచేవాడు ఊపిరి బిగబట్టలేడు. తాడు వెంట వచ్చేవాడు మరీ వేగంగానూ రాలేడు. ఛాతీలోతులో మొదలుపెట్టి, ఆరడుగులు, పది, ఇరవై. ఎప్పుడు గాలి ఆపుతామో ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. పని మధ్యలో ఆపేవాళ్లం, నవ్వుతున్నప్పుడు ఆపేవాళ్లం. మొదటి వారం నోళ్లు బిగుసుకుంటూనే ఉన్నాయి. మూడో వారానికి అరుపు వచ్చింది. శిక్షణ రెండు నెలలు పట్టింది. మేనేజరు సణిగారు గానీ ఆపమనలేదు.

ఎనభైల్లో ఉక్కు కర్మాగారం కట్టడం ఊపందుకున్నాక మాకు పని పెరిగింది. అలాంటి ఒక పనిలో ఆ ఇద్దరిలో ఒకడికి నలభై అడుగుల లోతులో నిజంగానే గాలి ఆగింది. అతని తాడు ఎల్లాజీ చేతిలో ఉంది. కుడి చేత్తో తాడు పట్టి, మిగిలినదాన్ని ఎడమ భుజం మీదుగా వేసుకునేవాడతను. నాలుగు లాగులు వచ్చాయి. తర్వాత నీళ్ల మీద బుడగలు ఆగి ఆగి, లాగు లాగుకూ ఒక గుంపుగా లేచాయి. తల బయటికి వచ్చి, మాస్కు తీసేశాక కూడా ఆ మనిషి అరుస్తూనే ఉన్నాడు. ఎల్లాజీ, "సాల్లేరా, వచ్చేసినావు" అన్నాడు.

ఒకే శిక్షణతో నేనూ ఎల్లాజీ ఒకే ప్రమాదానికి ఒకేలా తయారయ్యామని మొదట్లో అనుకున్నాను. కాదు. నాకు నీళ్లలో ఏ అలవాటూ లేదు కాబట్టి ఒక్కసారి నేర్పితే సరిపోయింది. అతనికి అప్పటికే ఇరవై ఏళ్లుగా సముద్రం నేర్పిన పాఠం ఉంది. అతను ఉన్న చోట అది సరైన పాఠమే. చోటు మార్చింది మేము. భయం పుట్టిన క్షణంలో మనిషి, నోటితో ఏం చెప్పగలడన్న దానితో సంబంధం లేకుండా, తను ఎక్కువసార్లు చేసిందే చేస్తాడు. పదవీ విరమణ చేసేదాకా నా దగ్గరికి వచ్చిన ప్రతి కొత్తవాణ్నీ మొదట రెండే అడిగాను: నీకిప్పటికే ఏం వచ్చు, అది ఎక్కడ నేర్చుకున్నావు.