వెలుతురు కోసం తీసిన ఫోటో

పోలీస్ స్టేషన్ నుంచి కబురొస్తే చాలు, స్టూడియో షట్టర్ దించేసి పరిగెత్తేవాడు ఫోటోగ్రాఫర్. దొంగలు పడ్డ ఇంట్లో "నా ముక్కు ఇంత పెద్దదా?" అని వంకలు పెట్టేవాళ్లుండరని నవ్వేవాడు. అతనికో అలవాటు. ఎవరూ ఏదీ ముట్టకముందే, వెలుతురు చూసుకోవడానికి ఒక ఫోటో తీసేవాడు. అది ఎవరికీ ఇచ్చేది కాదు.

ఆ మేడలో దొంగతనం జరిగినప్పుడూ తీశాడు. పగిలిన కిటికీ, దాని కింద బయట వరండాలో గాజుముక్కలు. కాసేపటికి ఇంటివాళ్లు వాటిని ఊడ్చేశారు. ఆ మేడ వాచ్‌మనే బయటినుంచి అద్దం పగలగొట్టి లోపలికి దూరాడని కేసు. బయటినుంచి కొడితే ముక్కలు లోపల కదా పడాలి! ఫోటోగ్రాఫర్ ఆ ఫోటో తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాడు.

"ఇదెందుకయ్యా ఇప్పుడు? ఉన్న కేసు గజిబిజి చేయకు," అన్నాడాయన.

స్టేషన్ పని పోతుందని ఫోటోగ్రాఫర్ నోరు కుట్టేసుకున్నాడు. కోర్టులో "ఈ ఫోటోలు మీరే తీశారా?" అని మాత్రం అడిగారు. "నేనేనండి" అన్నాడు. బోనులోంచి వాచ్‌మన్ ఆశగా తనవైపే చూస్తున్నా తలెత్తలేదు. కెమెరా వెనక ఉన్నంతసేపే అతని ధైర్యమంతా. వాచ్‌మన్‌కి శిక్ష పడింది.

"వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు ఇంటికొచ్చి.

"నేను అడక్కపోయినా కూరలో ఉప్పు తక్కువైందని రోజూ చెప్తారుగా?" అంది భార్య.

ఆ మాటకి కంచంలోనే చేయి కడిగేసుకున్నాడు. తప్పు తనదే. మేడ ముందునుంచి వెళ్లడం మానేసి చుట్టుదారిన తిరిగేవాడు. అలా ఏడాదికి పైగా తిరిగి, చివరికి ఆ ఫోటో పట్టుకుని వాచ్‌మన్ తరఫు లాయరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"నేరం చేశాడని చూపించేదే సాక్ష్యం అనుకున్నారా?" అందావిడ. "చేయలేదని చూపించేదీ సాక్ష్యమేనండి. పోలీసులు అది మాకు ముందే ఇవ్వాలి. దాచేసుకుంటే ఇంక విచారణ ఎందుకు?"

అప్పీలులో వాచ్‌మన్ నిర్దోషిగా బయటికొచ్చాడు. ఒక మధ్యాహ్నం స్టూడియోకీ వచ్చాడు. జుట్టంతా నెరిసింది. కొత్త ఉద్యోగానికి ఫోటో కావాలట.

"మీ ఫోటోనే నన్ను బతికించింది సార్," అంటూ చేతులు పట్టుకున్నాడు.

ఫోటోగ్రాఫర్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఊరుకుంటే సరిపోయేది, ఊరుకోలేకపోయాడు. "అది మొదటిరోజు నుంచీ నా దగ్గరే ఉందయ్యా," అన్నాడు.

వాచ్‌మన్ చేతులు వదిలేశాడు. తర్వాత వెళ్లి స్టూలు మీద కూర్చుని, చొక్కా కాలర్ సర్దుకుని, కెమెరాలోకి సూటిగా చూశాడు.

"తీయండి," అన్నాడు. "మరి ఇదెప్పుడిస్తారు?"