పా సాంతిగీ గీసిన నీలిగీత

పా సాంతిగీకి, అంటే సాంతిగీ తాతకి, ఒక్కటే జబ్బు. మనిషి కనబడితే చాలు, "మరి నీళ్లొస్తే?" అంటాడు.

మాటిమా రేవులో వరద ఎక్కడిదాకా వస్తుందో ఆఫీసు కాగితం చూసి, ప్రతి గోడ మీదా నీలిగీత గీయడం పురపాలక సంఘం ఆయనకిచ్చిన పని. వానలు ఏటికేడు ముదురుతున్నాయి కనక సామానంతా ఆ గీతకి పైనే ఉండాలని రూలు. ఉద్యోగం సాయంత్రానికి అయిపోతుంది. జబ్బుకి మాత్రం సెలవు లేదు.

పెళ్లికి పిలిస్తే చంకలో కొలబద్దతో వచ్చాడు. పెళ్లికొడుకుని కౌగిలించుకుని చెవిలో, "మంచం ఎంత ఎత్తు నాయనా?" అన్నాడు. వాడు సిగ్గుతో చచ్చాడు. "ఛ, అది కాదురా. నీళ్లొస్తే?"

శుక్రవారం నమాజయ్యాక ఇమాముగారు, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగారు. వెనకనుంచి ఓ చెయ్యి లేచింది. "చెప్పులన్నీ గుమ్మంలోనే వదిలాం. మరి నీళ్లొస్తే?"

ఈయనంటే అందరికన్నా ఒళ్లు మండేది యేబుకి. బొంగా చేపల్ని పొగబెట్టి ఫ్రీటౌన్ బజారుకి పంపే మనిషి. పొయ్యిమీద చేపలు పరిచే తడిక మోకాలెత్తున ఉంటేనే పొగ బాగా పడుతుంది. ఆమె గోడ మీద గీతేమో నడుమెత్తున ఉంది.

"పా, అంతెత్తున పెడితే పొగ చేపలకెక్కడ తగుల్తుంది? దేవుడికి తగుల్తుంది!"

"మరి నీళ్లొస్తే?"

"వస్తే ముందు నిన్నే ముంచుతా!"

"ముంచు తల్లీ. చేపలు మాత్రం పైన పెట్టి ముంచు."

రోజూ పొద్దున్నే ఇదే పాట. పడలేక యేబు ఇటుకలు పేర్చి తడికని ఎత్తింది. సరిగ్గా గీత దాకానే. "ఇంకో వేలెడు ఎత్తితే ఒట్టు! ఈ ముసలాడికి ఆ సంతోషం కూడానా?"

ఆ ఏడు ఆ తడిక మీద ఉన్నవి ఉత్త చేపలు కావు, పెద్దకూతురి నర్సు చదువు. అవి పోతే అదీ పోయినట్టే.

ఆగస్టులో మూడు రోజులు కుండపోతగా కురిసింది. నాలుగోరోజు మధ్యాహ్నం కొండమీది నీళ్లు దిగడం, సముద్రం పోటెత్తడం ఒక్కసారే జరిగాయి. యేబు బల్లెక్కి నిలబడింది. కింద నీళ్లు మోకాలెత్తు దాటాయి, తొడలెత్తుకి వచ్చాయి. "ఆగు తల్లీ, నీకు దణ్ణం పెడతా, ఆగు!"

తడికకి నాలుగు వేళ్ల కింద ఆగాయి. కాసేపు అలాగే ఉండి, ఏదో పని గుర్తొచ్చిన చుట్టంలా వెనక్కి మళ్లాయి. యేబు బల్లమీదే కూలబడింది. నవ్వింది, ఏడ్చింది, ఓ చేప తోక తుంచి నోట్లో వేసుకుంది. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది.

రెండ్రోజులకి ఆఫీసునుంచి ఫిందా అనే అమ్మాయి కాగితం పట్టుకుని బురద మరకలు చూడ్డానికొచ్చింది.

"అక్కా, మీ గీత తప్పు. కాగితం ప్రకారం ఇక్కడుండాలి," అంటూ జానెడు కింద వేలు పెట్టింది.

అక్కడంతా బురదే. ఆమె వేలు పెట్టిన చోటు మొన్న నీళ్లలో మునిగిపోయింది.

"మీ ఒక్కరిదే కాదు, రేవంతా జానెడెక్కువే గీశాడు. కొలవడం రాదని ఆయనకి ఏటా తిట్లే."

యేబు బురద పైఅంచుకీ కాగితం గుర్తుకీ మధ్య వేళ్లు పెట్టి చూసుకుంది. ఎనిమిది వేళ్లు. కాగితం మాటే విని ఉంటే చేపలు మళ్లీ ఈతకి పోయేవి.

పా సాంతిగీ వీధి చివర కొట్టుకుపోయిన గీతకి మళ్లీ రంగేస్తున్నాడు. యేబు వెళ్లి ఎదురుగా నిలబడింది.

"కొలవడం రాదా పా నీకు?"

ముసలాయన దొంగలా దొరికిపోయాడు. కుంచె వెనక్కి దాచుకున్నాడు. "వచ్చు తల్లీ. కాగితం మీద గీత నీళ్లకి, గోడ మీద గీత మనుషులకి. ఎక్కువైతే నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ. తిట్టుకోడానికి మీరంతా ఉండాలి కదా!"

యేబు ఇంటికెళ్లి, పళ్లెం నిండా అన్నం, కర్రపెండలం ఆకు కూర, పైన అన్నిటికన్నా పెద్ద బొంగా చేప పెట్టుకొచ్చింది. ఆయన అక్కడే ఓ గుమ్మంలో కూర్చుని పళ్లెం నేలమీద పెట్టుకోబోయాడు.

"పా!" యేబు కేకకి వీధంతా తిరిగి చూసింది. "కింద పెడుతున్నావేం? మరి నీళ్లొస్తే?"

రేవు రేవంతా ఘొల్లుమంది. పా సాంతిగీ ఉలిక్కిపడి, పళ్లెం ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.