ఖాళీ పెట్టెలో వెలుగు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. చీకటి పెట్టెలో కెమెరా పట్టిన వెలుగును కొలవడం నా ఉద్యోగం. కెమెరా పట్టనిది లేనట్టే అనుకునేవాణ్ణి.

మదనపల్లె పొలిమేరలో చిన్న పరిశోధనశాల మాది. ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలు పెంచి, కొత్త మందు పనిచేస్తోందో లేదో చూసేవాళ్ళం. ఆ గడ్డ కణాల్లో మిణుగురు పురుగు జన్యువు ఒకటి చేర్చి ఉంటుంది. దాన్ని వెలిగించే సూదిమందు వేసి, పది నిమిషాలు ఆగి, మత్తులో ఉన్న ఎలుకను పెట్టెలో పడుకోబెడితే గడ్డ లోపలి నుంచి వెలుగుతుంది. మన కంటికి కాదు, కెమెరాకు. గడ్డ కరిగితే వెలుగు తగ్గుతుంది. మరీ పెరిగితే ఆ ప్రాణిని బాధపెట్టకుండా మత్తులోనే ప్రాణం తీసెయ్యాలి. అది నియమం.

ఆ శుక్రవారం కుప్పంలో బంధువుల పెళ్ళి. బస్సుకు టైమైపోతోంది. చివరగా మిగిలిన ఏడో నంబరు ఎలుకకు సూది వేసి, ఆగకుండానే ఫొటో తీశాను. సూదిమందు ఒంట్లో పాకకముందే తీస్తే వెలుగు తక్కువ వస్తుందని నాకు తెలుసు. అలాగే వచ్చింది. పది నిమిషాలు ఆగినట్టు రిజిస్టర్లో రాసి బస్సెక్కాను.

సోమవారం మరియమ్మ నా దగ్గరకొచ్చింది. ఎలుకల మేతా నీళ్ళూ చూసేది ఆమే. మిషన్ ఆస్పత్రి వెనక ఉంటుంది, నాకన్నా పెద్దది.

"ఏడో నంబరు మేత ముట్టలేదప్పా. ఒగ పక్కకే పండుకోనుండాది."

"ఫొటోలో బాగుండాది కదక్కా. గడ్డ తగ్గతాండాది."

"మీ పెట్టె సల్లగుండ. ఒగసారి నువ్వొచ్చి సూడు, నీకూ కండ్లుండాయి గదా."

నవ్వేసి ఊరుకున్నాను. మళ్ళీ ఫొటో తీస్తే నేను చేసింది బయటపడుతుంది. మందు పనిచేస్తోందని మా పెద్దసారు అప్పటికే అందరికీ చెప్పుకున్నారు. బుధవారం ఆ ఎలుక చచ్చిపోయింది. ఆ రెండు రోజులూ అది పడిన బాధ నా వల్లే. మరియమ్మ దాన్ని గుడ్డలో చుట్టింది.

ప్రతి ఉదయం పని మొదలుపెట్టేముందు ఖాళీ పెట్టెను ఒక ఫొటో తీస్తాం. నల్లగా తప్ప ఏమీ రాకూడదు. గురువారం ఆ నలుపు నడుమ ఒక వెలుగు వచ్చింది. నీళ్ళ అడుగు నుంచి తేలుతున్నట్టు నిదానంగా వచ్చింది. ఎలుకంత పొడవు. ఒక పక్కకు ఒరిగి ఉంది. కడుపు దగ్గర ఎరుపు, అంచుల్లో నీలం. వెలుగు ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం వేస్తుంది కంప్యూటర్.

పెట్టె తుడిచాను. అడుగున పరిచే నల్ల కాగితం మార్చాను. మళ్ళీ తీశాను. అక్కడే ఉంది. భయం వేయలేదు. ఏసీ చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపించింది.

మరియమ్మను పిలిచాను. చాలాసేపు చూసింది.

"అట్లే పండుకోనుండె," అంది.

సూది వేసి ఆగలేదని అప్పుడు ఆమెకు చెప్పాను.

"నాకు సెప్తే ఏమొస్తాది? సెప్పాల్సినోళ్ళకు సెప్పుపో."

వెళ్ళి పెద్దసారుకు అంతా చెప్పాను. ఆయన ముందే మూడో ఫొటో తీశాను. నల్లగా వచ్చింది.

ఆ ప్రయోగం మొత్తం కొట్టేశారు. నన్ను స్టోర్ రూముకు మార్చారు. పుంగనూరులోని మా ఇంటి నుంచి ఇప్పటికీ ఎప్పటి బస్సులోనే వస్తున్నాను. మెకానిక్ పెట్టెను విప్పి చూసి, వెలుతురు దూరే సందే లేదన్నాడు. చచ్చిన కణం వెలగదు. ఖాళీ పెట్టెలో అసలు కణమే లేదు.

ఆ రెండు ఫొటోలూ ఇంకా కంప్యూటర్లో ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో చెప్పలేను. ఆ శుక్రవారం పది నిమిషాలు ఆగి ఉంటే ఏడో నంబరు ఎంత వెలిగేదో నాకు తెలియదు. వాటిని చూసినప్పుడు మాత్రం తెలిసినట్టే ఉంటుంది.