మా ఇద్దరి తెలుగు

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో నేను అద్దెకున్న ఫ్లాటులో ఆదివారం మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. ముగ్గురం చిత్రాన్నం తిని, బల్ల తుడిచి, పాచికలు తీసేవాళ్లం. ఒకరు కథ నడపాలి, మిగతావాళ్లకి అందులో తలా ఒక పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్తాం, అది అయిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ నడిపేవాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. మా గేమ్ మాస్టర్ బెంగళూరు పక్కన ఆనేకల్‌లో తెలుగు నేతవాళ్ల ఇంటి కుర్రాడు, నా ఆఫీసు స్నేహితుడు. పాత శుభలేఖల అట్టలు అతికించి అడ్డం పెట్టుకుని, దాని వెనకాల పాముల్నీ దెయ్యాల్నీ దాచేవాడు.

మూడో మనిషి బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి. ఆట కోసం రెండు బస్సులు మారి వచ్చేది. మాతో కన్నడంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడేది. కథలో ఆమె ఒక మంత్రసాని. ఆ మంత్రసాని ఎవరెవరికి పురుడు పోసింది, ఏ నొప్పికి ఏ వేరు నూరుతుంది, అన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకుంటూ ఏడాదిన్నరపాటు ఆ పాత్రను ప్రాణంగా కాపాడుకొచ్చింది. నేనైతే నా దొంగకి పేరు పెట్టడానికే బద్ధకించాను.

మావాడికి నా మీద పక్షపాతం. పాచికలు వేసే పళ్లెం అంచున నా పాచిక ఒరిగితే "మళ్లీ వేయప్పా" అనేవాడు. ఆమెది ఒరిగితే పడిన అంకే లెక్క. ఒకసారి ఆమె గట్టిగా నిలదీసింది. "ఆటే కదా, ఎందుకంత పట్టింపు?" అన్నాను నేను, లాభం నాది కాబట్టి. ఆ మాట గుర్తొస్తే లెంపలేసుకోవాలనిపిస్తుంది.

అసలు మోసం భాషలో జరిగేది. నేను ఇరుకున పడ్డప్పుడల్లా వాడు అట్ట మీంచి వంగి తెలుగులో ఒక ముక్క జారవిడిచేవాడు. బెంగళూరులో కూర్చుని, పక్కవాళ్లకి తెలుగు అర్థం కాదని నమ్మిన మొనగాళ్లం మేమిద్దరమే అయ్యుంటాం.

ఒక ఆదివారం కథలో రెండు తలుపులొచ్చాయి. ముందు ఆమె వంతు, తర్వాత నాది. ఆమె ఆలోచిస్తుండగానే వాడు నవ్వుతూ, "ఎడమది ముట్టొద్దప్పా, ఆడ పాముండాది" అన్నాడు నాతో. ఆమె నోటుబుక్కు మూసి, ఎడమ తలుపు తీస్తానని కన్నడంలో చెప్పింది.

వద్దని ఒక్క మాట అనొచ్చు నేను. అంటే మా గుట్టు బయటపడుతుందని నోరు మెదపలేదు.

ఆమె పాచిక వేసింది. ఒకటి పడింది, అన్నిటికన్నా చెడ్డ అంకె. పాము కాటేసి మంత్రసాని పోయింది. వాడు కంగారుగా, "ఒరిగినట్టుంది, మళ్లీ వేయి" అన్నాడు. పాచిక పళ్లెం నడుమ తిన్నగా ఉంది.

"ఏం ఒరగలేదు," అంది ఆమె, అచ్చం మావాడి తెలుగులో. "పాముండాదని నాకు తెలుసు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మొదటి వారం నుంచీ అన్నీ వింటానే ఉండాను."

సిగ్గుతో చచ్చిపోయాను. "మరి తెలిసి తెలిసి ఎందుకు తీశావు?" అన్నాను.

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"చెప్పింది నాకు కాదు కదప్పా."