పదిహేడు అంగుళాల పరువు

జీవితంలో ఒక్కసారైనా నడిరోడ్డు మీద పరువు పోగొట్టుకోని మహానుభావులు ఎవరైనా ఉంటే, వాళ్లు ఇది చదవక్కర్లేదు, హాయిగా పడుకోవచ్చు. మిగతావాళ్లు కాస్త దగ్గరకు జరగండి. నా చేతులారా ఏరి కొనుక్కున్న నాలుగు చక్రాల వల్ల ఒకే పూటలో మా మేనత్తను, మా అమ్మను, నా భార్యను నడిరోడ్డు మీద దింపేసి, చివరికి కారును కూడా ఎలా వదులుకున్నానో చెబుతాను. ఇంత నష్టం మా ఇంటికి గోదావరి వరదలో కూడా జరగలేదు.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. ఫరంపేటలో కాపురం, బళ్లో లెక్కల మాస్టారి ఉద్యోగం. తొమ్మిదో తరగతి పిల్లలకు వృత్తం, వ్యాసం, చుట్టుకొలత అన్నీ బోర్డు మీద గీసి చెప్పేది నేనే. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ముందు ముందు మీకు ఇంకాస్త ఎక్కువ నవ్వొస్తుంది.

నాకొక చిన్న కారు ఉండేది. తెల్లది, సెకండ్‌హ్యాండ్‌ది. పద్నాలుగు అంగుళాల చక్రాల మీద బుద్ధిగా తిరిగేది. బుద్ధి లేనిది నాకే. ఒకరోజు ఫోన్‌లో అచ్చం అలాంటి కారే, పెద్ద పెద్ద అల్లాయ్ చక్రాలతో, నిగనిగలాడుతూ కనిపించింది. బయటికెళ్లి మా కారును చూస్తే, ఎదిగిన మనిషికి చిన్నప్పటి చెప్పులు తొడిగినట్టు అనిపించింది. మర్నాడే కాకినాడలో చక్రాల షాపులో తేలాను.

షాపాయన పెద్దమనిషి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పదిహేను అంగుళాలైతే సుబ్బరంగా సరిపోద్దండి" అన్నాడు.

"పదిహేడు వెయ్యండి" అన్నాను.

"పదిహేడేయొచ్చుగానండి, రిమ్ము పెరిగితే టైరు మందం తగ్గాలండి. మొత్తం చక్రం ఎత్తు మారకూడదు కదండీ."

"మా రోడ్ల మీద గుంటలుంటాయి. టైరు పల్చగా ఉంటే కుదరదు. మందంగానే ఉండాలి, వెడల్పుగా కూడా ఉండాలి."

ఆయన ఓపిగ్గా బిల్లు కాగితం తిరగేసి, ఒక వృత్తం గీసి, దాని చుట్టూ ఇంకో వృత్తం గీశాడు. "ఇది రిమ్మండి, ఇది టైరండి. లోపలిదీ పెంచి, బయటిదీ పెంచితే..."

"ఏవండీ, నేను లెక్కల మాస్టార్ని. నాకు వృత్తం గీసి చూపిత్తన్నారా?"

పాపం, ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. చివరిగా ఒక్కమాట అడిగాడు. "బండిలో మామూలుగా ఎంతమంది ఎక్కుతారండి?"

"నేనొక్కణ్ణే."

"అయితే మీ ఇట్టమండి. నిండా జనం ఎక్కితే మాత్రం చక్రం పైరేకుని రాసేత్తదండి. తరవాత నన్ననకండి."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను షాపులో గెలిచి రోడ్డు మీద ఓడిన రకం. ఆ సంగతి తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలూ నా వైభవం చెప్పనలవి కాదు. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి ఒక్కణ్ణే వెళ్లేవాణ్ణి. దారి చాలావరకు తిన్ననిది. టీ కొట్టు దగ్గర జనం తల తిప్పి చూసేవారు. కారు మీటరు నలభై చూపిస్తుంటే పక్కన స్కూటర్లు నలభై ఐదు మీద కూడా వెనకబడేవి. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుందని, మీటరుకు ఆ విషయం తెలియదని నేనే పిల్లలకు చెప్పాల్సింది. నేను మాత్రం కారుకు హుషారొచ్చిందనుకున్నాను.

ఇక అసలు కథ. నాన్న పోయాక మా చెల్లెలు దుర్గ పెళ్లి నేనే చేశాను. కనకాలపేట సంబంధం. ఆషాఢమంతా మా దగ్గరే ఉండి, శ్రావణంలో సారెతో అత్తారింటికి వెళ్లాలి. మా వైపు సారె అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను, అది మిఠాయి పంచుకోవడం కాదు, పరువు పంచుకోవడం. పుట్టింటివాళ్లు తెచ్చిన మిఠాయి డబ్బాలన్నీ అత్తారు వీధివీధికీ పంచుతారు. ఎవరి పుట్టిల్లు ఏం పెట్టింది, ఎలా తెచ్చింది అని వీధంతా ఏడాది పొడుగునా చెప్పుకుంటుంది. ఆ మాటల్లోనే కొత్త కోడలి స్థానం తేలిపోతుంది.

ముందురోజు దుర్గ నా పక్కన కూర్చుని, గోరు కొరుక్కుంటూ అంది. "అన్నయ్యా, మా తోడికోడలి సారె మేళంతో వచ్చిందంట. మనకంత వద్దు. ఎవరూ నవ్వకుండా ఉంటే చాలు."

"నవ్వడమేంటే? మన కారు చూసి నోళ్లు తెరుత్తారు."

"కారెందుకురా, ట్రాలీ ఆటో మాట్లాడు" అంది అమ్మ.

"ఆటోలో తెచ్చారనిపించుకుంటావా?" అన్నాను. అమ్మ నోరు మూయించిన ఆ క్షణం నాకిప్పటికీ కలలోకొస్తుంది.

మర్నాడు శుక్రవారం. పదిన్నర లోపు దుర్గ అత్తారి గడప తొక్కాలి, ఆ తర్వాత వర్జ్యం. కారు కడిగి, బానెట్ మీద బంతిపూల దండ కట్టాను. కాజాలు, లడ్డూలు, సున్నుండలు, జంతికలు, అరిసెలు, పూతరేకులు అన్నీ కలిపి పన్నెండు పెద్ద స్టీలు డబ్బాలు. అవి కాక పసుపు, కుంకుమ, చీరలు, రెండు అరటిగెలలు. డిక్కీ నిండింది, ఒళ్లు నిండాయి, కాళ్ల దగ్గర నిండింది. వెనక సీట్లో దుర్గ, నా భార్య పద్మ, మా మేనత్త సూరమ్మత్త. ముందు అమ్మ. సూరమ్మత్త ఎక్కగానే కారు వినయంగా కిందికి వంగింది. పెద్దల పట్ల గౌరవం అనుకున్నాను.

వీధి చివర మలుపు తిప్పాను. కింద నుంచి 'గర్‌ర్‌ర్' మని ఒక శబ్దం.

"ఏంట్రా అది?" అంది అమ్మ.

"కొత్త చక్రాలమ్మా. అలవాటు పడతన్నాయి."

"నాలుగు నెల్లైంది కదండీ" అంది పద్మ వెనక నుంచి. భార్యలకు తేదీలు ఎందుకంత గుర్తుంటాయో నాకు అర్థం కాదు.

స్పీడ్ బ్రేకర్ ఎక్కాం. ఈసారి శబ్దంతో పాటు వాసన.

"ఏదో మాడతందిరా" అంది సూరమ్మత్త. "కాజాల డబ్బా తీసి చూడండే."

ఆపి, దిగి చూశాను. కారు చక్రాల మీద నిలబడలేదు, చక్రాలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనక టైరుకూ పైరేకుకూ మధ్య కాగితం కూడా దూరదు. అది చక్రం కాదు, నేను షాపులో అన్న మాటలు గుండ్రంగా చుట్టి నిలబెట్టినట్టుంది.

"అత్తా, నువ్వొక్కసారి దిగుతావా?"

సూరమ్మత్త దిగింది. కారు రెండు అంగుళాలు లేచింది. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. "అంటే ఏంట్రా, నేనే బరువా?"

"అది కాదత్తా..."

"నిన్నెత్తుకుని తిరిగినప్పుడు నేనూ ఇలా గీపెట్టానేంట్రా?"

ఆవిడ నడక మొదలుపెట్టింది. మేం కాస్త ముందుకెళ్లాం. మళ్లీ మలుపు, మళ్లీ గర్‌ర్. పద్మను దింపాను. ఇంకో స్పీడ్ బ్రేకరు. అమ్మను దింపాను. చివరికి దుర్గను కూడా దింపి, డబ్బాలతో నేనొక్కణ్ణే కదిలించి చూశాను. డబ్బాలకే వెనక చక్రం ఏడుస్తోంది. టైరు మీద వేలు పట్టేంత గాడి పడింది. ఇంకాస్త దూరం పోతే పేలిపోవడం ఖాయం.

టైము తొమ్మిదిన్నర దాటింది. తెలిసిన ట్రాలీ ఆటో అతనికి ఫోన్ చేస్తే, "నిన్నే చెప్పాల్సిందండీ, ఏటవతల ఎదుర్లంకలో ఉన్నానండి" అన్నాడు.

"మామూలు ఆటోలు పిలుద్దామా?" అన్నాను.

దుర్గ కళ్లు నిండాయి. "ఒక్కో ఆటోలో ఒక్కో డబ్బా వెళ్తే, ఇంక నేనా ఇంట్లో తలెత్తుకోలేనన్నయ్యా." పెళ్లిలో కూడా ఏడవని పిల్లను నేను చక్రాల సోకుతో రోడ్డు మీద ఏడిపించాను.

అప్పుడు ఎదురింటి అరుగు మీద చేపలు కడుగుతున్న మేరీ గారు చేతులు తుడుచుకుని లేచారు. "ఎవరిదమ్మా సారె?"

"మా దుర్గదండి" అంది అమ్మ.

"ఉండండి, చేతులు సబ్బెట్టి కడుక్కుని వత్తాను. నెత్తిన పెట్టుకుంటే పోయేదానికి ఏడుపెందుకు?"

ఆవిడ పక్కింటావిడను కేకేశారు. ఆ పక్కింటావిడ ఇంకో ఇద్దర్ని కేకేసింది. మా ఊళ్లో ఆడవాళ్లను ఒకర్ని పిలిస్తే పదిమంది వస్తారు, మగవాళ్లను పదిమందిని పిలిస్తే ఎందుకని అడుగుతారు. పది నిమిషాల్లో పన్నెండు డబ్బాలు పన్నెండు తలల మీదికెక్కాయి. పసుపు కుంకాల పళ్లెంతో దుర్గ ముందు, పక్కన అమ్మ, వెనక వరసగా ఆడవాళ్లు. సూరమ్మత్త అలకంతా మర్చిపోయి, పెళ్లిపాట అందుకుంది. అరటిగెలలు ఇద్దరు కుర్రాళ్లు కర్రకు కట్టి భుజాలకెత్తుకున్నారు. ఆ వరస చివర, బంతిపూల దండతో, నాలుగు లైట్లు మిణుకుమిణుకుమంటూ, ఖాళీ కారులో నేను.

కనకాలపేటలో జనం గుమ్మాల్లోకొచ్చారు. పదీ ఇరవైకి దుర్గ అత్తారి ఇంటి ముందు ఆగాం. వాళ్ల అత్తగారు అంత వరసను చూసి హారతి పళ్లెంతో అలాగే నిలబడిపోయారు.

"వదినా" అన్నారు అమ్మతో, "మా అత్తగారి సారె ఇలా నడిపించి తెచ్చారని చెప్పగా విన్నాను. ఈ రోజుల్లో ఇంత పద్ధతిగా ఎవరు తెత్తన్నారు?"

తోడికోడలు వేళ్ల మీద డబ్బాలు లెక్కపెట్టుకుంటోంది. వీధిలో ఎవరూ నవ్వలేదు. దుర్గ మొహం చూశాను. పెళ్లి పీటల మీద కూడా అంత వెలుగు లేదు. నాకు గర్వంతో ఛాతీ ఆ చక్రాల కంటే పెద్దదైంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. అత్తగారు దుర్గకు హారతిచ్చి, మెట్లు దిగి, తిన్నగా కారు దగ్గరకొచ్చారు. బానెట్ మీద కుంకుమ బొట్టు పెట్టారు.

"అల్లుడికి కారు కూడానా అబ్బాయ్? ఇంతెందుకు చేశావు?"

సారె వరసలో చివర వచ్చిన వస్తువు, పైగా ఖాళీగా, దండేసుకుని. ఇంకేమనుకుంటారు పాపం. దుర్గ కంగారుగా, "కాదండత్తయ్యగారూ, అది..." అని ఏదో చెప్పబోయింది. వీధి వీధంతా చూస్తోంది. ఆ పిల్ల మొహంలో వెలుగు అప్పుడే వణకడం మొదలుపెట్టింది.

"బావగారికేనండత్తయ్యగారూ" అన్నాను. తాళం మా బావ చేతిలో పెట్టాను.

పద్మ నా వైపు చూసిన చూపును వర్ణించే శక్తి నాకు లేదు. భోజనాలయ్యాక బయటికొచ్చి మెల్లగా అడిగింది. "మనం ఇంటికెలా వెళ్తామండి?"

"నడిచి."

"వచ్చేటప్పుడు నడిపించావు, వెళ్లేటప్పుడూ నడిపిత్తన్నావు" అంది సూరమ్మత్త. "మరి కారెందుకు కొన్నావురా?"

మూడు రోజులు బడికి సైకిల్ మీద వెళ్లాను. చెప్పొద్దూ, బాధగానే ఉంది. కానీ దారిలో ఎవరెవరో ఆపి, "సారెతో కారిచ్చారంట కదా మాస్టారూ" అంటుంటే, ఆ బాధ పెడల్‌కు ఒక్కింత చొప్పున తగ్గిపోయేది.

నాలుగో రోజు పొద్దున్నే మా ఇంటి ముందు కారు ఆగింది. మా బావ దిగి, తాళం నా చేతిలో పెట్టి, వీధిలో అందరికీ వినపడేట్టు అన్నాడు. "మీరిచ్చారు, మేం తీసుకున్నాం, అది చాలు బావా. ఆడపిల్ల అన్నగారి బండి మాకెందుకంది మా అమ్మ."

ఎంత గొప్ప మాట. మా వీధిలో రెండు కుటుంబాల పరువూ ఒకేసారి పెరిగింది. లోపలికి తీసుకెళ్లి కాఫీ ఇచ్చాక మా బావ గొంతు తగ్గించాడు.

"అసలు సంగతేంటంటే బావా, అందరం అన్నవరం బయల్దేరాం. మేం ఎక్కినంతసేపూ బానే ఉంది. మా అమ్మ ఎక్కగానే గర్‌ర్‌మంది. దిగితే ఊరుకుంది. మళ్లీ ఎక్కితే మళ్లీ గర్‌ర్. మా వదిన నవ్వింది. అప్పట్నుంచి మా అమ్మ అన్నం తినట్లేదు. నీకు దణ్ణం పెడతాను, ఈ బండి మా గుమ్మంలో వద్దు."

ఆ మధ్యాహ్నమే కాకినాడ వెళ్లి పాత పద్నాలుగు అంగుళాల చక్రాలు వేయించుకున్నాను. షాపాయన ఒక్కమాట కూడా అనలేదు. అందుకే ఆయనంటే నాకిప్పటికీ భయం.

కాబట్టి సభాముఖంగా, గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బండికీ కంపెనీవాడిచ్చిన కొలత మార్చను. ఎవరైనా కాగితం మీద వృత్తం గీస్తే చేతులు కట్టుకుని వింటాను. అయితే, చక్రాలు బాగుచేయించిన సంగతి మాత్రం మా వియ్యాలవారికి ఇప్పటిదాకా చెప్పలేదు. మీరెవరైనా కనకాలపేట వెళ్తే దయచేసి నోరు జారకండి, ఇచ్చిన కారు కదా, మళ్లీ అడిగితే కాదనలేను.