తువ్వాలు మామయ్య

మా మామయ్యకు జీపీఎస్ అంటే గిట్టదు. తన రెండు సీట్ల విమానం ఎక్కగానే ఆ తెర మీద తువ్వాలు కప్పేస్తాడు. విమానం నడపడం నాకు నేర్పింది ఆయనే.

"ఉపగ్రహాలు దారి చూపిస్తుంటే నీకేంటి బాధ?"

"అవి నీకేమైనా చుట్టాలా? కిందికి చూడరా. ఏముంది?"

"ఏదో ఫ్యాక్టరీ."

"ఏదో కాదు, పెంకుల ఫ్యాక్టరీ. వాచ్‌మన్‌కి మోకాళ్ల నొప్పులు."

నేల మీదా ఇదే వరస. బాగా తెలిసిన చోటికి కూడా కారాపి దారి అడుగుతాడు. చెప్పినాయనతో టీ తాగి, పిల్లల చదువులు కనుక్కుని, ఫోన్ నంబరు పుచ్చుకుంటే గానీ కదలడు. ఒకసారి అలా పెళ్లికి వెళ్లేసరికి కుర్చీలు సర్దేస్తున్నారు. "దారి మాత్రం తప్పలేదు కదే!" అన్నాడు. అత్తయ్య వారం దాకా మాట్లాడితే ఒట్టు.

నేను కాలేజీ మధ్యలో మానేశాను. గిటారూ మానేశాను. ఈ విమానం నడపడమూ వదిలేస్తే ఇంట్లో నన్నిక ఎవరూ నమ్మరు, నాతో సహా. అందుకే ఒంటరిగా పక్క ఊరి రన్‌వే మీద దిగాల్సిన రోజు, పనుందంటూ మామయ్య పొద్దున్నే కారులో వెళ్లిపోవడంతో, హాయిగా తువ్వాలు లాగి పక్క సీట్లో పడేశాను.

సగం దారిలో తెర మీద 'సిగ్నల్ లేదు' అని వచ్చింది. వెనక్కి తిరుగుదామన్నా ఎటో తెలియదు. చచ్చినట్టు కిందికి చూశాను. ఎర్రటి పెంకుల గుట్టలు! మోకాళ్ల నొప్పుల వాచ్‌మన్! అక్కణ్ణుంచి రైలు పట్టాలు పట్టుకున్నాను. రైల్వే గేటు దగ్గర ఎడమకు తిరగాలని మామయ్య ఎప్పుడూ చెప్పేవాడు; అది సరిగ్గా కనపడాలని కాస్త కిందికి దిగి, తిరిగాను. ఎదురుగా రన్‌వే.

దిగేసరికి మామయ్య అక్కడున్నాడు, చెవి దగ్గర ఫోనుతో.

"ఫ్యాక్టరీ దాటావని వాచ్‌మన్ చెప్పాడు. గేటు దాటావని గేట్‌మన్ చెప్పాడు. పొద్దున్నుంచీ అందర్నీ ఆకాశం చూస్తూ ఉండమన్నాలే."

"అంత హైరానా ఎందుకు? జీపీఎస్ ఉందిగా!" అన్నాను, సిగ్నల్ పోయిన సంగతి దాచేసి.

"అది నీకు దారి చెబుతుందిరా. నువ్వు క్షేమమని నాకు చెప్పదుగా."

థాంక్స్ అనబోయాను.

"అది తర్వాత. గేట్‌మన్ లైన్లో ఉన్నాడు, ముందు క్షమాపణ చెప్పు. అంత కిందనుంచి పోతావా? ఆయన మేక బెదిరి తాడు తెంపుకుపోయిందట!"

చెప్పాను. ఎంత మంచివాడో, నన్నే ధైర్యంగా ఉండమన్నాడు. మేక దొరగ్గానే చెప్పమని నా నంబరు కూడా ఇచ్చాను.